చేవ్రాలు – దాని నిజానిజములు

పాట గాలిలో పుట్టి గాలిలో కలిసిపోవును. అందుచే తనను ఆనందింపజేసిన గాయకుని గుర్తునొకదానిని దాచుకొనవలెనని సంగీతప్రియునకు కోరిక కలుగుట సహజము. గ్రామఫోను రికార్డు, కచేరీనాటి కరపత్రము, ఛాయాచిత్రము – వీనిపై గాయకుడు స్వహస్తముతో సంతకము చేసియున్నచో ఆ వస్తువునకు వెల ఎన్నో రెట్లు పెరుగును. సంతకమునకు తెలుగున చేవ్రాలు అని పేరు. చేతి వ్రాత యని దాని అర్థము. ఆ చేయి ఎవరిదో తెలియనిచో ఆ వ్రాతకు విలువ లేదు.

మహనీయుల చేవ్రాలుపై జనులకు గల మక్కువను మహాత్మాగాంధి ఎరుగును. సంతకము కోరినవారినుండి ఐదు రూపాయలు గ్రహించి ఆయన హరిజన నిధికి చేర్చెడివాడు. మంచివాడు ఆ మక్కువను మంచిపనికి వినియోగించును. వంచకుడు దానినే పెట్టుబడిగా చేసికొనును. నాణెమునకు దొంగనాణెము, నోటునకు దొంగనోటు పుట్టినట్లే చేవ్రాలునకును దొంగ చేవ్రాలు పుట్టినది.

ఈ చిక్కు మన సంగీతమునకు క్రొత్తది కాదు. వాగ్గేయకారులు కీర్తన చివర తమ పేరునో, ఇష్టదైవము పేరునో పొదిగెడివారు. దీనిని ముద్ర యందురు. క్షేత్రయ్య పదములకు మువ్వగోపాలుని పేరు ముద్ర. త్యాగరాజస్వామి (1767–1847) తన పేరునే ముద్రగా నిలిపెను. ముద్ర కవి చేసిన సంతకమువంటిది. అయినను ముద్రను ఇతరులును వేయవచ్చును. త్యాగరాజ ముద్రతో వినవచ్చుచున్న కృతులలో కొన్ని ఆయన రచనలు కావని సంగీతజ్ఞులు సందేహించియున్నారు. అట్టి సందేహము కలిగినప్పుడు వారు ముద్రనొక్కదానినే చూచి తీర్పు చెప్పరు. భాషయు, భావమును, రాగపు నడకయు ఆయన తక్కిన కృతులతో పొసగుచున్నవా యని చూతురు. ఆ కృతి ఏ శిష్యుని ద్వారా వచ్చినదని అడుగుదురు. స్వామి శిష్యుడైన వాలాజాపేట వేంకటరమణ భాగవతుల పరంపరలోని వ్రాతప్రతులు మదురైలోని సౌరాష్ట్ర సభలో భద్రపరుపబడినవి. అవి ఎవరి చేతినుండి ఎవరి చేతికి వచ్చినవో తెలియును గనుకనే పండితులు వానిని గౌరవింతురు. కృతికి వర్తించు ఈ పద్ధతియే కాగితముపైని సంతకమునకును వర్తించును.

పరిగినుండి హైదరాబాదునకు పోయిన ఒక విద్యార్థి ఆదివారమునాడు ఆబిడ్సులోని కాలిబాటపై పాత పుస్తకములను చూచుచున్నాడనుకొందము. వానిమధ్య ఒక రికార్డు అట్ట కనబడినది. దానిపై ఘంటసాల వేంకటేశ్వరరావు సంతకము కలదు. “ఇది ఒక్కటే మిగిలినది, ఇప్పుడే కొనుము” అని వర్తకుడు తొందరపెట్టుచున్నాడు. విద్యార్థి డబ్బు తీయుటకు ముందు మూడు ప్రశ్నలు వేసికొనవలెను. కాలము సరిపోవుచున్నదా? చేయి సరిపోవుచున్నదా? ఆ వస్తువు వచ్చిన దారి తెలియుచున్నదా?

మొదటిది కాలము. ఘంటసాల 1922లో జన్మించి 1974 ఫిబ్రవరి 11న పరమపదించెను. కాంపాక్టు డిస్కులు లోకములో అమ్మకమునకు వచ్చినది 1982లో. కావున అట్టి డిస్కుపై ఆయన సంతకమున్నచో అది నిస్సందేహముగా కల్ల. జెల్ కలము జపానులో 1984లో వెలువడినది. ఆ సిరాతో ఆయన వ్రాసియుండుట అసంభవము. వయొలిన్ విద్వాంసుడు ద్వారం వేంకటస్వామినాయుడు 1964లోనే కీర్తిశేషుడయ్యెను. ఆయన సంతకమని చెప్పబడు దానిని ఆ సంవత్సరముతో సరిచూడవలెను. గాయకుని జీవితకాలము, వస్తువు తయారైన సంవత్సరము, సిరా పుట్టిన సంవత్సరము – ఈ మూటిని ప్రక్కప్రక్కన వ్రాసికొన్నచో పెక్కు మోసములు అక్కడనే బయటపడును. అయితే నిజమైన పాత రికార్డును కొని, దానిపై క్రొత్తగా సంతకము గీయు నేర్పరులును కలరు. కాలము సరిపోనిచో సంతకము కల్ల యని తేలును. సరిపోయినంతమాత్రమున నిజమని తేలదు.

రెండవది చేయి. నిజమైన సంతకము పరుగెత్తును; దొంగ సంతకము ప్రాకును. అలవాటుగా వ్రాయువాని గీత వేగముగా సాగి, ఒకచోట లావుగను, వేరొకచోట సన్నముగను ఉండును. చూచి వ్రాయువాని చేయి అక్షరమక్షరమునకు ఆగుచుండును. అందుచే గీతలో వణుకు, అనవసరమైన అతుకులు, కలము ఆగినచోట సిరా ముద్దలు భూతద్దమున కానవచ్చును. ఒకే మనుష్యుడు చేసిన రెండు సంతకములు అచ్చుగ్రుద్దినట్లు ఒక్కతీరున ఉండవు. రెండు సంతకములు ఒకదానిపై నొకటి పెట్టినపుడు వెంట్రుకవాసియైన తేడా లేకున్నచో, ఒకటి రెండవదానికి నకలనియో, రెండును అచ్చువేసినవనియో అనుమానింపవలెను. అభిమానులకు పంపబడు ఛాయాచిత్రములపైని సంతకములలో అచ్చువేసినవి అనేకములు. వానిని భూతద్దముతో చూచినచో సిరాగీతకు మారుగా సన్నని చుక్కలు కనబడుటయు కలదు. అవి మోసమునకై చేసినవి కావు గాని, చేవ్రాలని అమ్ముట మాత్రము మోసమే.

కొన్నిచోట్ల సంతకము వ్రాసినది నిజమైన చేయియే గాని గాయకునిది కాదు. 1960 తరువాతి సంవత్సరములలో లోకప్రసిద్ధి పొందిన ఇంగ్లండు గాయకబృందము బీటిల్సు. వారికై వచ్చిన అభిమానుల కోరికలు తీర్చలేక, వారి సహాయకులే నలుగురి పేర్లను వ్రాసియిచ్చిన సందర్భములు కలవు. ఆ కాగితములు నేటికిని వారి సొంత సంతకములుగా కొందరిని భ్రమింపజేయుచున్నవి.

మూడవది దారి. ఇదియే అన్నింటికంటె ముఖ్యమైనది. సంతకము ఏ సంవత్సరమున, ఏ ఊరిలో, ఏ కచేరీలో, ఎవరు చేయించుకొనిరి? అది అమ్మువాని చేతికి ఎట్లు వచ్చినది? ఆనాటి ఆహ్వానపత్రముగాని, ఛాయాచిత్రముగాని, ఉత్తరముగాని తోడుగా ఉన్నదా? వీనికి సూటిగా సమాధానము రానిచో వెనుకకు తగ్గుటయే మేలు. ధ్రువపత్రము చూపినంతమాత్రమున నమ్మరాదు. సంతకమును సృష్టింపగలవాడు ధ్రువపత్రమును సృష్టింపలేడా? 1990 తరువాతి సంవత్సరములలో అమెరికా దర్యాప్తుశాఖ దొంగ సంతకముల ముఠాలను పట్టుకొన్నపుడు, దొరికినవానిలో మదర్ థెరిసా సంతకముతో కూడిన ఆటబంతులును ఉండెను! ఆ ముఠాలు తమ సరుకుతోబాటు ధ్రువపత్రములను గూడ ఇచ్చుచుండెను.

మోసపోకుండుటకు అన్నింటికంటె తేలికైన ఉపాయము తానే స్వయముగా అడిగి తీసికొనుట. వికారాబాదునకో, తాండూరునకో, హైదరాబాదు రవీంద్రభారతికో విద్వాంసుడు వచ్చినపుడు, కచేరీ ముగిసిన పిమ్మట వినయముతో పుస్తకము చాచినచో ఆయన కాదనుట అరుదు. ఇంటికి వచ్చిన వెంటనే పుట వెనుక పెన్సిలుతో తేదీ, ఊరు, సభ పేరు వ్రాసికొనవలెను. ఆనాటి కరపత్రమును జతచేసి, ఎండ తగులనిచోట దాచవలెను. అది బీదవానికి గూడ అందుబాటులో నున్న సంపద. మనుమలు దానిని తెరచిచూచిన నాడు, దాని దారి యేదో వారు వేరొకరిని అడుగవలసిన పని యుండదు.

దొంగ సంతకమువలన పోవునది డబ్బు మాత్రమే కాదు. చనిపోయిన విద్వాంసుడు వచ్చి “ఇది నేను వ్రాయలేదు” అని చెప్పజాలడు. ఆయన పేర అబద్ధము సాగుచుండగా, నిజమైన సంతకమును తరతరములుగా దాచుకొన్న కుటుంబము మాటను గూడ లోకము నమ్మదు. కూటరచనయు, మోసమును 2023 నాటి భారతీయ న్యాయ సంహితలో శిక్షార్హములైన నేరములు. వానిని పట్టుకొనుట న్యాయస్థానముల పని. వానికి గిరాకి లేకుండ చేయుట మాత్రము కొనువారి చేతిలోనే కలదు.

కచేరీలో అపస్వరమును సహింపని శ్రోత, ఆ కచేరీ జ్ఞాపకమునందు అసత్యమును ఏల సహింపవలెను? నిజము నిలకడమీద తెలియునని పెద్దలు చెప్పుదురు. తొందరపడక విచారించినవానికే ఆ నిజము దక్కును.