పంట సొమ్ములో మన సొమ్మెంత?



మిరప చివరి కోత కోసి, కల్లములో ఆరబోసి, బస్తాలు కట్టి ఖమ్మం మార్కెట్టునకు తోలిన నాటి సాయంకాలము మీ మనస్సు ఎట్లుండెనో ఒకమారు జ్ఞప్తికి తెచ్చుకొనుడు. ఏడాదిపాటు అప్పులవాని యెదుట తల వంచుకొని తిరిగిన మనిషి తక్‌పట్టీ చేతికి రాగానే నిటారుగా నడచును. ఆటోవానితో బేరమాడడు. హోటలులో నలుగురి టీ డబ్బులు తానే యిచ్చును. తిరిగి వచ్చునపుడు మోటారు సైకిళ్ళ దుకాణము ముందో, బంగారు దుకాణము ముందో ఒక నిమిషము నిలబడును. ఆ నిమిషమును గూర్చియే ఈ వ్యాసము.

ఏ పైరుకు ఎంత ఎరువు వేయవలెనో, ఏ పురుగునకు ఏ మందు కొట్టవలెనో మీరు చాల చదివియుందురు. డబ్బు చేతికి వచ్చినప్పుడు మనలో ఏమి జరుగునో మాత్రము ఎవరును వ్రాయరు, మనమును అడుగము. పొలములో కష్టించి మిగిల్చినది తరచుగా జారిపోవునది అక్కడనే.

నేలకొండపల్లి ప్రాంతము వారికి కంచర్ల గోపన్న కథ క్రొత్తగా చెప్పనక్కరలేదు. పదియేడవ శతాబ్దములో ఆ ఊరిలో పుట్టినవాడు. గోలకొండ నేలిన తానీషా (1672–1687) కొలువులో అక్కన్న మాదన్నలు ఆయనకు మేనమామలు. పాల్వంచ పరగణాకు తహసీలుదారైనాడు. వసూలైన శిస్తు సొమ్ముతో భద్రాచలమున రామునికి గుడి కట్టించి, నగలు చేయించి, గోలకొండ చెరపాలైనాడు. పన్నెండేండ్లు చెరలో నుండెనని ప్రతీతి.

భక్తిని త్రాసులో వేసి తూచుట మన పని కాదు. ఆ గుడి మూడు వందల యేండ్లు దాటియు నిలిచియున్నది. కాని లెక్క చూచుకొనవలసిన రైతుగా ఈ కథలో ఒక సంగతి గమనింపుడు. గోపన్న జూదరి కాడు, తాగుబోతు కాడు. ఆయన మనస్సు మంచిదే. అయితే చేతిలో నున్నది సర్కారు సొమ్ము, మనస్సులో నున్నది రాముని మీద ప్రేమ. ఈ రెంటి నడుమ గట్టు తెగిపోయినది. మంచి మనస్సుతో ఖర్చు చేసినంత మాత్రమున శిస్తు బాకీ తీరలేదు. ‘ఇక్ష్వాకుకులతిలక’ అను కీర్తనలో ఆయన ఏ నగకు ఎన్ని వరహాలు పట్టినవో దేవునికే లెక్క చెప్పుకొన్నాడు. ఎంత ముచ్చటపడి చేయించెనో, తరువాత ఎంత బాధపడెనో అందులో రెండును కనబడును.

మన చేతిలోని పంట సొమ్ము కూడ అటువంటిదే. చూచుటకు మనది. నిజముగా అందులో మనదెంత?

ఒక రైతును ఊహించుకొందము. మిర్చి అమ్మగా మూడు లక్షల రూపాయలు వచ్చినవి. సొసైటీలో పంట ఋణము లక్ష, ఏడు శాతము చొప్పున ఏడాది వడ్డీ ఏడు వేలు. ఎరువుల దుకాణములో 60,000 బాకీ, రెండు రూపాయల వడ్డీన ఎనిమిది నెలలకు 9,600. నడుమ ఆసుపత్రి ఖర్చుకు తెచ్చిన చేబదులు 40,000, మూడు రూపాయల వడ్డీన ఆరు నెలలకు 7,200. కోత కూలీలకు ఇంకను ఇయ్యవలసినది 24,000. అన్నియు కూడిన 2,47,800. రాబోవు వానకాలమునకు విత్తనము, దుక్కి ఖర్చు 25,000 తీసి ప్రక్కన పెట్టిన, మిగులునది 27,200 రూపాయలు. బజారులో దుకాణము ముందు నిలబడినవాడు మూడు లక్షల ఆసామి. ఇంటికి చేరవలసినవాడు ఇరువదియేడు వేల రెండు వందల ఆసామి. ఇద్దరును ఒక్కడే! కొనునది మొదటివాడు, ఆ యేడంతయు తినవలసినది రెండవవాడు.

ఇక బాకీలు తీర్చు వరుస చూడుడు. మనము వడ్డీని బట్టి తీర్చుట అరుదు. ఎవడు గడప తొక్కి గట్టిగా అరచునో వానికి ముందు ఇచ్చెదము, ఎవరు ఊరకుందురో వారికి వెనుక. సొసైటీ కాగితము అరవదు గనుక గడువు దాటిపోవును. గడువులోగా కట్టినచో కేంద్రము మూడు శాతము వడ్డీ రాయితీ ఇచ్చుచున్నది, అనగా నికరముగా పడునది నాలుగు శాతమే. అది పోవును. మూడు రూపాయల చేబదులు ఇచ్చినవాడు బంధువైనచో మొగమాటము వలన అతడును అడుగడు. ఏడాదికి నూటికి ముప్పదియారు రూపాయలు చొప్పున ఆ మర్యాద పెరుగుచుండును. కోత కోసిన ఆడువారి కూలి, కుదువ పెట్టిన భార్య మెడలోని గొలుసు, ఇవి అన్నింటికంటె వెనుకబడును. ఏలయన వారు వీధిలో నిలబడి అడుగరు.

పరువు సంగతి మరింత సున్నితమైనది. పిల్లల ఓణీల పండుగ, పంచెల పండుగ, నాలుగు వీధులకు ఫ్లెక్సీలు, వెయ్యి మందికి భోజనము. ఎదుటి ఇంటివారు చేసిరి గనుక మనము చేయకున్న ఊరేమనును? రైతులకు లెక్క వ్రాయుట రాదని అధికారులు అనుచుందురు. అది నిజము కాదు. ఏ ఇంటిలోనైనను చదివింపుల పుస్తకము తీసి చూడుడు. ఇరువది యేండ్ల క్రిందట ఏ ఊరివారు ఎంత చదివించిరో రూపాయి పొల్లు పోకుండ ఉండును. పరువుతో ముడిపడిన లెక్క మనకు బాగుగా వచ్చును. చేనికి పెట్టిన పెట్టుబడికి మాత్రము పుస్తకము లేదు.

భయము ఇంకొకటి. బ్యాంకు నోటీసు విప్పకుండ వాసములో చెక్కువారిని మీరు చూచియే యుందురు. చూడకున్న అప్పు పెరగదన్నట్లుండును. దీనికి కారణము సిగ్గు. అప్పు తన ఒక్కనిదే అనుకొనుట. 2019లో జాతీయ నమూనా సర్వే వారు లెక్క తీయగా తెలంగాణలో వ్యవసాయ కుటుంబములలో నూటికి తొంబదియొకటికి పైగా అప్పులోనున్నట్లు తేలినది. సగటున కుటుంబమునకు 1,52,113 రూపాయలు. ప్రక్క ఇంటివాడును అప్పులోనున్నాడు, అతడును మీకు చెప్పుటలేదు. ఇట్లు దాచుకొనుటలో కుమిలి ప్రాణము మీదికి తెచ్చుకొన్న రైతులు మన జిల్లాలలో కలరు. కాగితము విప్పి, ఇంటిలో నొక్కరికైనను చదివి వినిపించుట మొదటి పని.

ఆశ కూడ ఖర్చు చేయించును. 2016లో క్వింటాలు పదివేలు దాటిన మిర్చిని చూచి మరుసటి యేడు ఎందరో మిరప పెంచిరి. రాని ధరను నమ్మి అప్పు చేసిరి. 2017లో ధర ఐదువేలకు లోబడి పడిపోయినది. ఆ ఏప్రిల్ 28న కడుపు మండిన రైతులు ఖమ్మం మార్కెట్ యార్డులో కాంటాలు విరుగగొట్టుట మీరెరుగుదురు. ధర పడుట రైతు తప్పు కాదు, దానిని మనస్సుకు అంటగట్టుట అన్యాయము. అయితే గత యేటి ధరతో ఈ యేటి పెండ్లి ఖాయము చేసికొనుట మన చేతిలోనిదే. ప్రక్క చేనులో బోరు పడెనని మన చేనులో రెండవ బోరు, మూడవ బోరు వేయుటయు ఇట్టిదే. అక్కడ నీటికంటె పంతము లోతుగా దిగును.

ఇక చేయవలసినది. పిల్లల నోటుపుస్తకము ఒకటి తీసికొని మూడు గళ్ళు గీయుడు. మొదటి గడిలో ఎంత, రెండవ గడిలో దేనికి, మూడవ గడిలో ఏ మనస్సుతో. మూడవది వ్రాయుటకు చేయి రాదు. “బామ్మర్ది యెదుట తక్కువగా కనబడకూడదని” అని ఎవరు వ్రాసికొందురు? ఒక్క మాట చాలును: పరువు, పంతము, భయము, జాలి, మొక్కు, అవసరము. తప్పని కొట్టివేయనక్కరలేదు, ఊరక వ్రాయుడు. మొక్కు తీర్చుట మానుమని ఎవరును చెప్పరు. ఆ 27,200లో నుండి తీర్చుచున్నారా, సొసైటీ వారి లక్షలో నుండియా అనునదే చూడవలెను. ఆరునెలల తరువాత మూడవ గడి మాత్రము పైనుండి క్రిందికి చదువుడు. ఏ మాట ఎన్నిమారులు వచ్చెనో మీకే తెలియును.

అమ్మిన నాడు మార్కెట్టు నుండి సూటిగా ఇంటికి వచ్చి, ఒక రాత్రి నిద్రించి, తెల్లవారి భార్యాభర్తలు కూర్చుండి లెక్క వేసిన తరువాతనే పెద్ద వస్తువు కొనుట అను నియమము కొందరు పెట్టుకొనిరి. ఒక్క రాత్రిలో చాల కోరికలు చల్లారును.

వ్యవసాయ విస్తరణాధికారులకును, పంచాయతీ కార్యదర్శులకును, సొసైటీ సిబ్బందికిని ఒక మనవి. రైతు దుబారా చేసెనని నలుగురిలో అనకుడు. ఆ మాట పడినవాడు మరునాటి నుండి కాగితములు దాచును. వడ్డీ రాయితీ గడువు తేదీని జనవరిలోనే, మొదటి కోతల నాటికి, ఇంటింటికి చెప్పుడు. కట్టిన ప్రతి రూపాయికి అడుగకముందే రసీదు ఇయ్యుడు. మనవారు రసీదు అడుగుటకు మొగమాటపడుదురు. రామలక్ష్మణులు సేవకుల వేషమున పోయి గోపన్న బాకీ ఆరు లక్షలు తానీషాకు చెల్లించిరని చెప్పు కథలో, వారు సైతము రసీదు పుచ్చుకొనియే గోలకొండ విడిచిరి.