పొగగొట్టానికి అతుకు

పుట్టపర్తికి దగ్గర్లో ఒక పల్లె. ఆ పల్లెలో ఒక అత్త, ఒక కోడలు. వాళ్ల ఇంట్లో పొగలేని పొయ్యి ఉంది. పేరుకే పొగలేని పొయ్యి. పొద్దున సంగటికి ఎసరు పెడితే చాలు, ఇల్లంతా పొగ. కోడలు కండ్లు తుడుచుకుంటూ కట్టెలు ఎగదోస్తుంది. రెండేండ్ల బిడ్డ పక్కనే కూర్చుని దగ్గుతుంది.

గ్యాసు పొయ్యి కూడా ఉంది. కానీ సిలిండరు అయిపోయింది. కూలి డబ్బులు వచ్చేదాకా కట్టెల పొయ్యే దిక్కు.

"ఈ పొయ్యి పీకి పారేద్దాం. పాత మూడు రాళ్లే నయం" అంది అత్త.

"ఉండత్తా. ముందు గొట్టం చూద్దాం" అంది కోడలు.

పొయ్యిలోంచి గొట్టం లేచే చోట మన్ను నెర్రె విచ్చింది. వేలు దూరేంత సందు పడింది. ఆ పైన, రెండు గొట్టాలు కలిసే అతుకు దగ్గర సిమెంటు ఊడిపోయింది.

"ఇంత సందులోంచి అంత పొగ వస్తుందా?" అంది అత్త.

మంచి ప్రశ్నే. పొగ ఎక్కువగా ఆ సందులోంచి రాదు. పొయ్యి మూతిలోంచి వస్తుంది. మరి తప్పు సందుది ఎట్లయింది?

బావి మీది మోటారును చూశారు కదా. నీళ్లు పీల్చే పైపుకు చిల్లు పడితే ఏమవుతుంది? మోటారు తిరుగుతుంది. గాలి పీలుస్తుంది. నీళ్లు రావు. పొగగొట్టం కూడా అంతే. వేడి గాలి తేలిక. అది గొట్టంలో పైకి పోతూ పొయ్యిలోని పొగను వెంట లాగుతుంది. అతుకులో సందు ఉంటే ఇంట్లోని చల్లగాలి గొట్టంలోకి దూరుతుంది. వేడి తగ్గుతుంది, లాగుడు తగ్గుతుంది. పైకి పోలేని పొగ ఇంట్లోకి తిరుగుతుంది.

సందు ఎక్కడుందో కంటికి కనపడకపోవచ్చు. పొయ్యి బాగా మండేటప్పుడు ఊదుబత్తి వెలిగించి అతుకు చుట్టూ తిప్పండి. ఊదుబత్తి పొగను గొట్టం లోపలికి పీల్చుకుంటే అక్కడ సందు ఉన్నట్టే.

ఈ పొయ్యి మనకు కొత్తది కాదు. 1953 నాటికే ఎస్.పి. రాజు గారు హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయంలో గొట్టం ఉన్న మట్టి పొయ్యిని తయారు చేశారు. 1983లో కేంద్ర ప్రభుత్వం దేశమంతటా ఇటువంటి పొయ్యిలు పెట్టించే పథకం మొదలుపెట్టింది. 2002లో అది ఆగింది. పొయ్యి పెట్టించినంత శ్రద్ధ, దాన్ని బాగుచేసుకోవడం నేర్పడంలో చాలా చోట్ల లేకపోయింది.

కోడలు ముందు పొయ్యి ఆర్పి, గొట్టం చల్లారనిచ్చింది. మొగుడు మిద్దె ఎక్కి గొట్టం మీది టోపీ తీశాడు. తాడుకు గోనెసంచి ముక్క కట్టి లోపలి మసి దులిపాడు. మసి ఉండగా ఎన్ని అతుకులు వేసినా దండగే.

చెరువు బంకమన్ను రెండు పాళ్లు, జల్లించిన చిత్రావతి ఇసుక ఒక పాలు, గుప్పెడు వరిపొట్టు కలిపి రాత్రంతా నానబెట్టింది. పొద్దున బాగా తొక్కింది. చిన్న ఉండ చేసి ఆరబెట్టి చూసింది. ఉండ పగిలితే ఇసుక చాలలేదని, పొడిపొడిగా రాలితే మన్ను చాలలేదని గుర్తు.

ఊడిన పాత పెచ్చులు చేత్తో తీసేసింది. అతుకును నీళ్లతో తడిపింది. తడపకపోతే కొత్త మన్ను పట్టదు. మన్నును వేలితో సందులోకి గట్టిగా కూరి, చుట్టూ మందంగా మెత్తింది. పొయ్యి దగ్గరి అతుకుకు సిమెంటు వద్దు. వేడికి పగులుతుంది. మిద్దె పైన, వాన తగిలే చోట మాత్రం సిమెంటే మేలు.

ఒక జాగ్రత్త. పాత పొయ్యిల గొట్టాలు చాలావరకు ఆస్‌బెస్టాస్ సిమెంటువి. వాటిని కోయకూడదు, గీకకూడదు. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. గొట్టమే పగిలి ఉంటే మార్చాల్సిందే.

మూడు దినాలు ఆరనిచ్చారు. అంతవరకు వంట బయట, అత్త మెచ్చిన మూడు రాళ్ల మీదే. ఆరాక సన్నని నెర్రెలు కనిపిస్తే పల్చటి మన్నుతో మళ్లీ పూశారు.

నాలుగో రోజు చిన్న మంట పెట్టారు. కిటికీ మాత్రం తెరిచే ఉంచారు. పొగ తగ్గినా, కట్టెలు కాలితే కంటికి కనపడని విషవాయువు కొంత పుడుతుంది.

మంట ఎక్కాక అత్త ఊదుబత్తి వెలిగించింది. అతుకు చుట్టూ మెల్లగా తిప్పింది. పొగ నిటారుగా పైకి లేచింది.

"పై అతుకు కూడా చూద్దాం. స్టూలు తే" అంది కోడలితో.