లూసర్న్ పసుపు-నారింజ సీతాకోకచిలుక: జీవన క్రమం, సస్యరక్షణ పాఠం

కోలియాస్ యూరిథీమ్ అనే శాస్త్రీయ నామం గల సీతాకోకచిలుక ఉత్తర అమెరికాకు చెందినది, పియరిడే కుటుంబంలోనిది. పసుపు, నారింజ వర్ణాలు కలిసిన రెక్కలకు నల్లని అంచు ఉంటుంది. ఆడ పురుగులో ఈ అంచుపై పసుపు మచ్చలు కనిపిస్తాయి. కొన్ని ఆడ పురుగులు తెల్లగానూ ఉంటాయి. మగ పురుగు రెక్కలు అతినీలలోహిత కాంతిని పరావర్తనం చేస్తాయి. ఆ కాంతిని బట్టి ఆడ పురుగు స్వజాతి మగ పురుగును గుర్తిస్తుంది.

క్లోవర్ వంటి లెగ్యూమ్ జాతి మొక్కలపై జీవించే ఈ కీటకానికి, కాలిఫోర్నియాలో విస్తరించిన లూసర్న్ సాగు పుష్కలమైన ఆహారాన్ని సమకూర్చింది. కోత అనంతరం వచ్చే లేత చిగుళ్లపై ఆడ పురుగు గ్రుడ్లను ఒక్కొక్కటిగా పెడుతుంది. వాటి నుండి వెలువడే ఆకుపచ్చని లార్వాకు ఇరువైపులా తెల్లని చార ఉంటుంది. లార్వాలు ఆకులను తిని పశుగ్రాస దిగుబడిని తగ్గిస్తాయి.

అయితే పొలంపై ఎగిరే సీతాకోకచిలుకల సంఖ్య పంటనష్టానికి కొలమానం కాదు. కొటేసియా మెడికాజినిస్ అనే పరాన్నజీవి కందిరీగ లేత లార్వాలో గ్రుడ్లు పెట్టి, అది సగం పెరగకముందే నశింపజేస్తుంది. న్యూక్లియర్ పాలీహెడ్రోసిస్ వైరస్ సోకిన లార్వాలు మెత్తబడి, మొక్కలకు వేలాడుతూ చనిపోతాయి. విచక్షణ లేకుండా పురుగుమందు చల్లితే ఈ మిత్రపురుగులు కూడా నశిస్తాయి.

1940వ దశకంలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ కీటక శాస్త్రవేత్త రే స్మిత్ ఈ పురుగుపైనే పర్యవేక్షిత నియంత్రణ పద్ధతిని రూపొందించారు. పొలాన్ని పరిశీలించి, అవసరమైనప్పుడే మందు చల్లడం దాని సారాంశం. 1959లో స్టెర్న్, స్మిత్, వాన్ డెన్ బాష్, హేగెన్ ప్రతిపాదించిన సమగ్ర నియంత్రణ భావనకు ఈ అనుభవం ఒక పునాది.

కాలిఫోర్నియా సిఫారసు ప్రకారం, వలను ఒకసారి ఊపినప్పుడు సగటున 10 లేదా అంతకు మించి ఆరోగ్యవంతమైన లార్వాలు లభిస్తేనే చర్య అవసరం. పరాన్నజీవి ఆశించినవాటిని, వ్యాధి సోకినవాటిని ఈ లెక్కలో చేర్చరాదు. అనుమానం ఉన్న లార్వాను చీల్చి చూస్తే లోపల కందిరీగ పిల్లపురుగు కనిపిస్తుంది. కోతకు సమయం దగ్గరపడితే ముందుగా కోయడమే మేలు. మందు తప్పనిసరైతే బాసిల్లస్ థురింజియెన్సిస్ మిత్రపురుగులకు హాని చేయదు.

ఈ సంఖ్యను తెలుగు రాష్ట్రాల లూసర్న్ పొలాలకు యథాతథంగా వర్తింపజేయడం శాస్త్రీయం కాదు. స్వీకరించవలసినది పద్ధతిని: పురుగులను లెక్కించే ముందు, వాటిలో ఆరోగ్యంగా ఉన్నవి ఎన్ని అని పరిశీలించాలి.