ప్రతి బాట్‌నూ ఖాళీ ఫోల్డర్ నుంచి మొదలుపెట్టకండి

2025 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 161 సేవలతో ‘మన మిత్ర’ చాట్‌బాట్‌ను వాట్సాప్‌లో ప్రారంభించింది. అప్పటి నుంచి కరెంటు బిల్లుకో ధ్రువపత్రానికో ఆఫీసు మెట్లెక్కే బదులు ఫోన్‌లో మెసేజ్ పెట్టవచ్చని జనానికి తెలిసింది. అలవాటు పడిన చోట గిరాకీ పుడుతుంది. ధర్మవరం పట్టుచీరల వ్యాపారికి ఏ చీర స్టాకులో ఉందో చెప్పే బాట్ పనికొస్తుంది. పెనుకొండ దగ్గరి ఎర్రమంచిలోని కియా కార్ల ఫ్యాక్టరీకి విడిభాగాలు అందించే యూనిట్లలో షిఫ్టు బస్సు వేళలు చెప్పేది పనికొస్తుంది. హిందూపురం చింతపండు మార్కెట్లో ఆ రోజు ధర చెప్పేది పనికొస్తుంది. ఇవన్నీ చిన్న పనులు, వచ్చే డబ్బూ చిన్నదే. ఒక్కోదానికి నెల రోజులు కూర్చుంటే గిట్టదు. జావా తెలిసి, ఈ మూడు ఊళ్లలో ఇలాంటి పని పట్టాలనుకునేవాళ్లకు కావలసింది మళ్లీ మళ్లీ వాడుకోగల ఒక స్టార్టర్ ప్రాజెక్టు.

చీర చీరకూ మగ్గం కొత్తగా బిగించరు కదా. పడుగు మారుతుంది, డిజైను మారుతుంది, మగ్గం అదే ఉంటుంది. స్టార్టర్‌లో మగ్గం మాత్రమే ఉండాలి. చీరల ధరలు, బస్సు వేళలు అందులోకి రాకూడదు.

మావెన్‌లో మూడు మాడ్యూళ్లు చాలు. మొదటిది సంభాషణ. వచ్చిన మాటను తీసుకుని జవాబు తయారు చేయడమే దాని పని. అందులో స్ప్రింగ్ ఉండకూడదు, టెలిగ్రామ్ అన్న పేరు కూడా కనిపించకూడదు. అప్పుడే ఇంటర్నెట్ లేకపోయినా జేయూనిట్‌తో పరీక్షించుకోగలరు. రెండోది టెలిగ్రామ్, వాట్సాప్ వంటి వేదికలకు తగిలించే అడాప్టర్లు. మూడోది స్ప్రింగ్ బూట్, డేటాబేస్, సెట్టింగులు ఉండే మాడ్యూల్. స్ప్రింగ్ బూట్ 3కు కనీసం జావా 17 కావాలి. మీరు మాత్రం 21 పెట్టుకోండి. దానికి కారణం మన తెలుగే.

జావా 18 నుంచి యూటీఎఫ్-8 డిఫాల్టు అయింది. అంతకుముందు వెర్షన్లలో విండోస్ మెషీన్ మీద ఎన్‌కోడింగ్ చెప్పకుండా ఫైలు చదివితే తెలుగు చెత్తగా మారిపోయేది. వెర్షన్ మార్చినంత మాత్రాన అంతా అయిపోదు. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తుకు 3 బైట్లు పడతాయి. గుణింతపు గుర్తు, పొల్లు, సున్న అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి. టెలిగ్రామ్ బటన్ వెనుక మనం దాచే కాల్‌బ్యాక్ డేటాకు 64 బైట్లే హద్దు. ‘హిందూపురం’కు 27, ‘పెనుకొండ’కు 24, ‘ధర్మవరం’కు 21. మూడు ఊళ్ల పేర్లూ కలిపితే 72. అంటే మూడు పేర్లు కూడా అందులో పట్టవు! అందుకే బటన్ మీద తెలుగు పేరు, వెనుక చిన్న కోడ్ ఉండేలా స్టార్టర్‌లోనే ఏర్పాటు చేయండి.

వాట్సాప్‌లో జవాబు బటన్లు మూడుకు మించి పెట్టలేం. ఒక్కోదాని మీద 20 అక్షరాలు దాటకూడదు. మన కంటికి ‘శ్రీ’ ఒక్క అక్షరమే, జావా స్ట్రింగ్ లెక్కలో దాని పొడవు 4. కాబట్టి పొడవు కొలిచి, మించితే బిల్డ్ ఆగిపోయేలా ఒక టెస్టు రాసి పెట్టండి. బాట్ పలికే వాక్యాలన్నీ కోడ్‌లో కాకుండా తెలుగుకో ప్రాపర్టీస్ ఫైలు, కన్నడకో ఫైలు అన్నట్టు విడిగా ఉంచండి. హిందూపురం సరిహద్దు పట్టణం, కన్నడం అడిగే వినియోగదారు తప్పకుండా వస్తాడు.

టెలిగ్రామ్ ఇచ్చే బాట్ టోకెన్‌ను ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో పెట్టండి. గిట్‌లోకి అస్సలు పోనివ్వకండి. పొరపాటున పోతే టెలిగ్రామ్‌లోని బాట్‌ఫాదర్ దగ్గర వెంటనే రద్దు చేసి కొత్తది తీసుకోండి. ఫైలు చెరిపేస్తే సరిపోదు, పాత కమిట్లలో అది అలాగే ఉంటుంది.

వెబ్‌హుక్‌కు మన సర్వర్ సరైన జవాబివ్వకపోతే టెలిగ్రామ్ అదే సందేశాన్ని మళ్లీ పంపుతుంది. పట్టించుకోకపోతే ఒక్క చీరకు రెండు ఆర్డర్లు పడతాయి. ప్రతి సందేశంతో వచ్చే అప్‌డేట్ ఐడీని డేటాబేస్‌లో యూనిక్‌గా దాచి, రెండోసారి వచ్చినదాన్ని వదిలేయాలి. సంభాషణ ఎంతవరకు వచ్చిందో కూడా డేటాబేస్‌లోనే ఉండాలి. హ్యాష్‌మ్యాప్‌లో పెట్టుకుంటే సర్వర్ రీస్టార్ట్ అయిన క్షణాన వినియోగదారు మొదటికొస్తాడు. లాగ్‌లలో ఫోన్ నంబర్లు పూర్తిగా రాయకండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం దృష్టిలో అవి వ్యక్తిగత సమాచారమే.

మొదలు టెలిగ్రామ్‌తోనే పెట్టండి. లాంగ్ పోలింగ్ పద్ధతిలో ఇంట్లో ల్యాప్‌టాప్ మీదే బాట్ నడుస్తుంది, పబ్లిక్ అడ్రస్ అక్కర్లేదు. వాట్సాప్‌కు హెచ్‌టీటీపీఎస్ వెబ్‌హుక్, మెటాలో బిజినెస్ ఖాతా, ఒక నంబరు కావాలి. వినియోగదారు రాసిన 24 గంటల లోపు మనకు తోచినట్టు జవాబివ్వవచ్చు. ఆ గడువు దాటితే ముందుగా ఆమోదం పొందిన టెంప్లేట్లే పంపాలి. పని ఒప్పుకునే ముందే వ్యాపారికి ఈ సంగతి చెప్పండి.

ఇంకో మాట. మొదటి బాట్ రాస్తూ రాస్తూనే స్టార్టర్ తయారు చేయాలని చూడకండి. ఒక్కదాన్ని చూసి ఏది ఉమ్మడో ఏది ఆ ఒక్కదానిదో ఎవరూ చెప్పలేరు. రెండో బాట్ రాసేటప్పుడు మొదటిదాని నుంచి దేన్ని మార్చకుండా తెచ్చుకున్నారో చూడండి. అదే మీ స్టార్టర్. దాన్ని గిట్‌హబ్‌లో టెంప్లేట్ రిపాజిటరీగా మార్చి, మూడో బాట్‌ను అక్కడి నుంచి మొదలుపెట్టండి. సగం రోజులో అది ‘నమస్కారం’ అనలేకపోతే స్టార్టర్ బరువెక్కిందని అర్థం, తీసేయగలిగింది తీసేయండి.

బెంగళూరులోనో మరోచోటనో ఉద్యోగంలో ఉన్నవాళ్లు ఒక విషయంలో మాత్రం గట్టిగా ఉండండి. ఆఫీసు కోడ్‌లోంచి ఒక్క క్లాసు కూడా మీ స్టార్టర్‌లోకి తేవద్దు. మీ సొంత మెషీన్ మీద, మీ సొంత సమయంలో రాసుకోండి. బయటి పని ఒప్పుకునే ముందు మీ ఉద్యోగ ఒప్పందం ఒకసారి పూర్తిగా చదవండి.