తోడు లేకపోతే నిద్ర పట్టదా?

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. మావారు క్యాంపుకి వెళ్తే రాత్రంతా మెలకువే. చిన్నప్పుడు అమ్మకు దూరంగా పెరిగాను. కారణం అదేనా?
- ఒక సోదరి, ఖమ్మం

జవాబు: కొంతవరకు కావచ్చు, కానీ అదొక్కటే అనుకోకండి. నిద్రపోవాలంటే మెదడు కాపలా మానాలి. నమ్మకమైన మనిషి దగ్గరున్నారన్న భరోసా అందుకు తోడ్పడుతుంది. పసితనంలో ఆ భరోసా ఎలా ఏర్పడుతుందో మానసిక నిపుణులు జాన్ బౌల్బీ, మేరీ ఐన్స్‌వర్త్ వివరించారు. ఆత్మీయులు దూరమవుతారేమోనన్న బెంగ ఎక్కువగా ఉన్న పెద్దలకు నిద్ర సరిగా పట్టడం లేదని పలు అధ్యయనాలు చెబుతున్నాయి. అయితే నిద్ర చాలకపోతే చిరాకు పెరిగి బంధమూ దెబ్బతింటుంది. ఆందోళన, కుంగుబాటు ఇటు నిద్రనూ అటు బంధాన్నీ పాడుచేస్తాయి. కాబట్టి ఏది కారణమో, ఏది ఫలితమో ఈ అధ్యయనాలతో తేలదు.

మరి పసిబిడ్డకు తనంతట తానే నిద్రపోవడం అలవాటు చేస్తే జీవితాంతం ముప్పేనా అని కొందరు అడుగుతారు. ఆస్ట్రేలియాలో శిశువుల నిద్ర అలవాట్లు మార్చిన కుటుంబాలను పిల్లలకు ఆరేళ్లు వచ్చాక మళ్లీ పరిశీలించి, 2012లో ఫలితాలు ప్రచురించారు. అనుబంధానికి హాని కనిపించలేదు. బాల్యం వేసిన ముద్ర కూడా తర్వాతి బంధాలతో మారవచ్చు. వారానికి మూడు రాత్రుల చొప్పున మూడు నెలలుగా నిద్ర పట్టకపోతే మాత్రం వైద్యుణ్ని కలవండి. నిద్రలేమికి ముందుగా సూచించేది మాత్రలను కాదు, ఆలోచనలనూ అలవాట్లనూ సరిదిద్దే సీబీటీ చికిత్సను.