టాపెట్ చప్పుడు పోతే బండి బాగైనట్టేనా?

ఇబ్రహీంపట్నం, తుర్కయంజాల్ వైపు నుంచి సాగర్ రోడ్డు మీదుగా పాల క్యాన్లు, ఆకుకూరల మూటలు వేసుకుని చంపాపేట్, సరూర్‌నగర్ దాకా వచ్చి అమ్ముకునే రైతులకు స్కూటరే ఎద్దుల బండి, స్కూటరే ఆటో. బండి ఆగిన రోజు పాలు విరుగుతాయి, కూర వాడుతుంది. అందుకే ఇంజన్‌లో కాస్త చప్పుడు వినపడగానే రోడ్డు పక్క షెడ్డుకు పోతారు. అక్కడ మెకానిక్ ఒక్క నిమిషం విని, 'అన్నా, టాపెట్ కొడుతున్నది, టైట్ చేస్తే పోతది' అంటాడు. చేస్తాడు, చప్పుడు పోతుంది. అందరికీ సంతోషమే. కొన్ని నెలలు గడిచాక పొద్దున్నే బండి స్టార్ట్ కాదు, లోడు లాగదు. చివరకు హెడ్డు విప్పి వాల్వు మార్చవలసి వస్తుంది. ఈ రెండింటికీ సంబంధం ఉందని చాలామందికి తెలియదు.

పాత బండికి లేని పని

బజాజ్ చేతక్ 1972 నుంచి చాలా ఏళ్లపాటు టూ స్ట్రోక్ ఇంజన్‌తోనే వచ్చింది. పాత టీవీఎస్ ఎక్స్‌ఎల్ కూడా అంతే. టూ స్ట్రోక్ స్కూటర్ ఇంజన్‌లో వాల్వులు ఉండవు. సిలిండర్ గోడలో ఉన్న రంధ్రాలను పిస్టనే మూస్తూ తెరుస్తూ ఉంటుంది. కాబట్టి టాపెట్ అన్న మాటే లేదు. ప్లగ్గు తుడుచుకుని, పెట్రోలులో ఆయిల్ సరిగా కలుపుకుంటే సగం మరమ్మతు అయిపోయినట్టే. 2001లో హోండా యాక్టివా వచ్చాక ఫోర్ స్ట్రోక్ స్కూటర్లు ఇంటింటికీ చేరాయి. 2015లో ఎక్స్‌ఎల్ 100 కూడా ఫోర్ స్ట్రోక్‌గా వచ్చింది. బండి మారింది గాని మన అలవాటు మారలేదు. (2020లో వచ్చిన కరెంటు చేతక్‌కు ఇంజనే లేదు కనుక ఆ బాధ లేదు.)

బావి మీద ఆయిల్ ఇంజన్ నడిపిన వారికి, ట్రాక్టరు ఉన్న వారికి టాపెట్ గ్యాప్ కొత్త కాదు. స్కూటర్‌లోనూ సూత్రం అదే, కొలత మాత్రం చాలా చిన్నది. ట్రాక్టరుకు పెట్టే గేజి ఆకు తెచ్చి స్కూటర్‌కు పెట్టరాదు.

సందు ఎందుకు వదలాలి?

ఇంజన్ హెడ్డులో రెండు వాల్వులుంటాయి. ఒకటి పెట్రోలు గాలిని లోపలికి వదిలే ఇన్‌లెట్, రెండోది పొగను బయటకు పంపే ఎగ్జాస్ట్. వీటిని రాకర్ అనే చిన్న మీట నొక్కి తెరుస్తుంది, స్ప్రింగు మూస్తుంది. ఇంజన్ నిమిషానికి 6 వేల చుట్లు తిరిగితే ఒక్కో వాల్వు 3 వేల సార్లు, అంటే సెకనుకు 50 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. ఇంజన్ వేడెక్కితే వాల్వు కాడ సాగుతుంది. ఆ సాగుదలకు చోటు ఉండాలని రాకర్‌కు, వాల్వు కాడకు మధ్య సన్నని సందు వదులుతారు. 100 నుంచి 125 సీసీ స్కూటర్లలో ఇది సాధారణంగా 0.05 నుంచి 0.20 మిల్లీమీటర్ల లోపే ఉంటుంది. మీ బండికి ఎంతో, ఇన్‌లెట్‌కు, ఎగ్జాస్ట్‌కు వేరు వేరుగా ఉందో లేదో కంపెనీ పుస్తకంలో చూసుకోవాలి. పక్కింటి బండి కొలత పనికిరాదు.

సందు ఎక్కువైతే రాకర్ వాల్వు మీద దెబ్బ వేసినట్టు పడుతుంది, టిక్ టిక్ మంటుంది. వాల్వు తెరుచుకోవలసినంత తెరుచుకోదు కనుక పికప్ కొంచెం తగ్గుతుంది. అరుగుదల పెరుగుతుంది గాని ఇంజన్ ఆ రోజుకారోజు చెడిపోదు.

సందు తక్కువైతే కథ వేరు. చప్పుడు ఉండదు. వేడెక్కిన వాల్వు సాగి, మూసుకోవలసిన సమయంలో కూడా పూర్తిగా మూసుకోదు. కంప్రెషన్ కారిపోతుంది. ఎగ్జాస్ట్ వాల్వు తన వేడిలో ఎక్కువ భాగాన్ని సీటుకు ఆనుకుని ఉన్నప్పుడే హెడ్డుకు వదులుతుంది. ఆనకపోతే ఆ వేడి పోయే దారి లేదు. మండుతున్న వాయువు ఆ సన్నటి సందులోంచే దూసుకుపోయి వాల్వు అంచును కాల్చేస్తుంది. రెండు 20 లీటర్ల క్యాన్లు పెడితే పాల బరువే 40 కిలోలు దాటుతుంది. మనిషి, క్యాన్ల బరువు అదనం. అంత లోడుతో ఎండలో లాగే బండికి ఈ కాలుడు మరీ త్వరగా వస్తుంది. మా అభిప్రాయంలో చిన్నగా టిక్ టిక్ మనే బండి కంటే అసలే చప్పుడు లేకుండా, పొద్దున్నే పది కిక్కులు అడిగే బండిని ముందు అనుమానించాలి. స్లోలో ఆగిపోవడం, సైలెన్సర్‌లో అప్పుడప్పుడు టప్ మనడం, మైలేజీ పడిపోవడం కూడా గ్యాప్ తగ్గిందనడానికి గుర్తులు. అయితే ఇవే గుర్తులు ప్లగ్గు, ఎయిర్ ఫిల్టర్ చెడినా కనిపిస్తాయి. ముందు ఆ రెండూ చూసుకోవాలి.

ప్రతి చప్పుడూ టాపెట్ కాదు

స్పానరు పట్టే ముందు ఆయిల్ చూడండి. స్కూటర్ ఇంజన్‌లో పట్టేదే ముప్పావు లీటరు అటూ ఇటూ. అందులో ఒక గ్లాసు తగ్గినా ఎక్కువే. హెడ్డుకు ఆయిల్ అందకపోతే ఏ టాపెట్ అయినా మొత్తుకుంటుంది. ఆయిల్ పోశాక చప్పుడు తగ్గితే, ఆయిల్ ఎక్కడ పోతోందో వెతకాలి గాని టాపెట్ ముట్టరాదు.

తర్వాత చప్పుడు ఎక్కడి నుంచి వస్తోందో చూడాలి. పొడుగు స్క్రూ డ్రైవరు మొన హెడ్డు కవర్ మీద ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకుంటే డాక్టరు గొట్టంలా వినిపిస్తుంది. తిరిగే ఫ్యాన్‌కు, బెల్టుకు, కాలే సైలెన్సర్‌కు దూరంగా ఉండి చేయాలి. తువ్వాలు మెడలోంచి తీసి పక్కన పెట్టాలి. టాపెట్ అయితే హెడ్డు దగ్గరే గట్టిగా, సన్నగా, ఒకే లయలో వినిపిస్తుంది. రేజ్ ఇస్తే లయ కూడా వేగం అందుకుంటుంది.

సైలెన్సర్ పైపు హెడ్డుకు కలిసే చోట ప్యాకింగ్ పోయినా అచ్చం టాపెట్ లాగే చిట్ చిట్ మంటుంది. మెకానిక్‌లు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. ఆ జాయింటు చుట్టూ నల్లటి మసి కనిపిస్తే ప్యాకింగ్ మార్పించాలి.

పొద్దున చల్లగా ఉన్నప్పుడు టక టక మని, కొంతదూరం పోయాక తగ్గితే పిస్టన్, బోరు అరుగుదల కావచ్చు. స్టార్ట్ చేయగానే, లేదా రేజ్ వదిలినప్పుడు గొలుసు గలగరించినట్టు వస్తే టైమింగ్ చైను, దాని టెన్షనర్ చూపించాలి. ఎడమ పక్క బెల్టు డబ్బా నుంచి తక్కువ వేగంలో గలగల వస్తే వేరియేటర్ రోలర్లు అరిగి ఉండవచ్చు. దానికీ ఇంజన్ హెడ్డుకూ సంబంధం లేదు. గుంతల్లో మాత్రమే మోగేది ఇంజన్ కాదు. ప్లాస్టిక్ ప్యానెలో, క్యాన్ కొక్కెమో అయి ఉంటుంది.

ఒక్క చప్పుడు మాత్రం వాయిదా వేయరాదు. లోడుతో చడావు ఎక్కేటప్పుడు ఇంజన్ అడుగు నుంచి బరువుగా దన్ దన్ మంటే కనెక్టింగ్ రాడ్ బేరింగ్ పోతున్నట్టు. అక్కడికక్కడే ఆపి, బండిని ఆటో ట్రాలీలో వేయించాలి. పాలు వేరే బండిలో పంపండి.

గ్యాప్ చూసే పద్ధతి

ఇంజన్ పూర్తిగా చల్లగా ఉండాలి. రాత్రంతా నిలిపిన బండిని తెల్లవారుజామున చూడటం మంచిది. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం ఎండలో నిలిపిన బండి నడవకపోయినా వేడిగానే ఉంటుంది, కొలత తప్పుతుంది. చంపాపేట్ దాకా లోడుతో వచ్చి, టీ తాగే లోపు టాపెట్ పెట్టించుకోవడం ఇందుకే పనికిరాదు. కనీసం కొన్ని గంటలు బండి షెడ్డులో వదలాలి.

సెంటర్ స్టాండు వేసి, సీటు కింది డబ్బా తీసి, హెడ్డు కవర్ చుట్టూ దుమ్ము బాగా తుడవాలి. పొలం బండికి ఇది ముఖ్యం, ఒక్క ఇసుక రవ్వ లోపల పడినా నష్టమే. ప్లగ్గు తీస్తే ఇంజన్ చేత్తో తేలికగా తిరుగుతుంది. ఫ్లైవీల్ మీద ఉన్న 'టి' గుర్తు కేసింగ్ గుర్తుకు ఎదురుగా వచ్చేవరకు ఇంజన్‌ను అది తిరిగే దిశలోనే తిప్పాలి. అప్పుడు రెండు రాకర్లూ వేలితో కదిపితే కొద్దిగా కదలాలి. ఏదైనా బిగుసుకుని ఉంటే ఇంకో పూర్తి చుట్టు తిప్పి మళ్లీ చూడాలి. 'టి' గుర్తు రెండు చుట్లలో రెండుసార్లు వస్తుంది. వాటిలో కంప్రెషన్ అప్పుడు వచ్చేదే మనకు కావాలి. ఇది గమనించకుండా గ్యాప్ పెడితే మొత్తం తప్పు.

ఫీలర్ గేజిలో పుస్తకం చెప్పిన కొలత ఆకు తీసి రాకర్ స్క్రూకు, వాల్వు కాడకు మధ్య దూర్చాలి. ఆకు కొద్దిగా పట్టినట్టు జారాలి. వదులుగా ఊగినా, బలవంతంగా తోసినా సరికాదు. దిద్దవలసి వస్తే లాక్ నట్టు వదులు చేసి, స్క్రూ తిప్పి, స్క్రూను కదలకుండా పట్టుకుని నట్టు బిగించాలి. నట్టు బిగించేటప్పుడే కొలత మారిపోతుంది కనుక మళ్లీ ఆకు పెట్టి చూడాలి. ఆ తర్వాత ఇంజన్ రెండు చుట్లు తిప్పి ఇంకోసారి చూస్తే అనుమానం ఉండదు. హెడ్డు కవర్ రబ్బరు గట్టిపడి ఉంటే కొత్తది వేయాలి, లేకపోతే ఆయిల్ కారుతుంది.

గేజి రాణిగంజ్ దుకాణాల్లోనే కాదు, పనిముట్లు అమ్మే ఏ షాపులోనైనా దొరుకుతుంది. సొంతంగా చేయడం అలవాటు లేనివారు షెడ్డులోనే చేయించుకోవచ్చు. అయితే 'చప్పుడు పోగొట్టు' అని అడగకండి. 'గేజి పెట్టి పుస్తకంలో ఉన్నంత గ్యాప్ పెట్టు తమ్ముడూ' అని అడగండి. వేలి అంచనాతో, చెవితో పెట్టేవారు ఎంత అనుభవజ్ఞులైనా ఈ పనికి ఒప్పుకోరాదు. మిల్లీమీటరులో పదో వంతు వేలికి తెలియదు. సరైన గ్యాప్ పెట్టాక కూడా సన్నగా టిక్ టిక్ ఉంటే అది ఉండవలసిందే.

రోజుకు 50 కిలోమీటర్లు తిరిగే బండి నాలుగు నెలల్లో 6 వేలు దాటుతుంది. ఆఫీసుకు పోయే ఉద్యోగి బండికి ఆ దూరం ఏడాది పట్టవచ్చు. అందుకే నెలలు లెక్కపెట్టకుండా, గ్యాప్ చూసిన నాటి మీటరు అంకె, పెట్టిన కొలత రెండూ పాల లెక్క రాసుకునే పుస్తకంలోనే చివరి పేజీలో రాసుకోండి. తర్వాత చూసినప్పుడు గ్యాప్ తగ్గి ఉంటే, అది ఎంత దూరానికి తగ్గిందో మెకానిక్‌కు చూపించవచ్చు. ఒక వాల్వు గ్యాప్ మాత్రమే ప్రతిసారీ తగ్గుతూ పోతుంటే ఆ వాల్వు సీటులోకి దిగుతున్నట్టు. అప్పుడు పంట చేతికొచ్చే రోజులు చూసుకుని, తీరిక ఉన్నప్పుడే హెడ్డు పని పెట్టించుకోవచ్చు.