ఈకలు మసక, రంగులు వెలవెల

ప్రశ్న: గుంటూరు దగ్గర ఉప్పలపాడులో 70–300 లెన్స్‌తో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగల ఫొటోలు తీస్తున్నాను. ఈకలు స్పష్టంగా రావడం లేదు, రంగులు వెలిసినట్టుంటున్నాయి. లెన్స్ మార్చాలా?

జవాబు: ఇప్పుడే వద్దండి. ముందు షటర్ స్పీడ్ చూసుకోండి. కూర్చున్న పక్షికి 1/500, ఎగిరేదానికి 1/2000 సెకను ఉంటే మంచిది. అందుకోసం ఐఎస్ఓ 1600కి పెంచాల్సి వచ్చినా వెనకాడకండి. గరుకుదనాన్ని తర్వాత తగ్గించుకోవచ్చు, కదిలిపోయిన బొమ్మను బాగుచేయలేం. ఫోకస్ కంటి మీదే ఉండాలి. ఇలాంటి లెన్సులు చాలావరకు 300 దగ్గర కాస్త పదును తగ్గుతాయి, ఎఫ్8 పెట్టి చూడండి.

రంగుల విషయంలో తప్పు ఎక్కువగా ఎండది. మిట్టమధ్యాహ్నం తెల్లటి ఈకల్లో వివరమంతా కొట్టుకుపోతుంది. వెనక పచ్చని చెట్లుంటే ఎక్స్‌పోజర్‌ను మైనస్ 0.7కి దించండి, వెనక తెల్లటి ఆకాశమే ఉంటే దించకండి, పక్షి నల్లబడుతుంది. రా ఫైల్‌లో తీయండి. వేడికి గాలి అలలాడుతుంటే లక్షల లెన్సైనా మసకే చూపిస్తుంది, కాబట్టి పొద్దున తొమ్మిదిలోపే ముగించండి. ఎడిటింగ్‌లో శాచురేషన్ జోలికి మాత్రం (నా మాట వినండి) ఎక్కువగా పోకండి. ఎర్రకాళ్ల కొంగ రెక్కల్లోని లేత గులాబీ లిప్‌స్టిక్ పూసినట్టయిపోతుంది.